మామిడికాయ నొక్కే డబ్బాతో సిరొంచ దాకా

సిరొంచ వెళ్లొచ్చామని చెబితే మా బడిలో తోటి టీచర్లందరూ ఒకే మాట అడిగారు, అక్కడ ఏముందని. గుడా, జలపాతమా, చీరలేమైనా చవకా? నేను మామిడికాయలు అన్నాను. మామిడికాయల కోసం గోదావరి దాటి మహారాష్ట్రకు పోవాలా అని నవ్వారు. అసలు సంగతి చెబితే ఇంకా నవ్వుతారని అప్పటికి ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మాది హనుమకొండ. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా ఆయన ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్సు చెబుతారు, మిగిలిన వేళంతా పీహెచ్‌డీ చేస్తారు. మా పెళ్లికి ముందు మొదలైన పీహెచ్‌డీ అది. ఆయన పట్టుకున్న విషయం యంత్రానికి మాట నేర్పడం. కంప్యూటరుకు నిఘంటువంతా ఎక్కించినా మామిడి అంటే చూతము, చూతము అంటే మామిడి అని తిప్పితిప్పి చెబుతుందే తప్ప, వేలితో నొక్కితే ఆ కాయ ఎలా ఉంటుందో దానికి తెలియదని ఆయన బాధ. అందుకని మన మెదడులో నరాలు అల్లుకున్నట్టు లోపల చిన్నచిన్న లెక్కల ముడులు అల్లారు. ఒక పక్క నుంచి కాయ రంగూ మెత్తదనమూ, మరో పక్క నుంచి మనుషులు ఆ కాయను చూసి అనే మాటా దానికి అందిస్తారు. తప్పు చెప్పినప్పుడల్లా ఆ ముడుల బిగువు కాస్త సవరించుకుంటుందట. అలా చేయగా చేయగా తప్పులు తగ్గి, కాగితం మీద ఆ తప్పుల్ని చూపే గీత కిందికి దిగాలి. ఆ గీత దిగితే థీసిస్సు పూర్తయినట్టు.

దిగకపోతే? ఆయన గైడు గారు జూన్ ఆఖరుకు రిటైరవుతున్నారు. ఈ నరాల లెక్కను నమ్మే ఇంకో గైడు మా చుట్టుపక్కల ఎక్కడా లేడు. అంటే ఆ వేసవే చివరి అవకాశం. ఎనభై ఎనిమిది ఏప్రిల్‌లో మేం బయలుదేరడానికి కారణం ఇదే. హనుమకొండ బజారులో అమ్మేవాణ్ని అడిగితే ప్రతి కాయా తేనే అంటాడు. చెట్లున్న మనుషులు, అమ్ముకునే తొందర లేని మనుషులు కావాలన్నారు ఈయన. కాలేజీ ల్యాబులో పనిచేసే అటెండరు వాళ్లన్న రాజన్నది సిరొంచ దగ్గర అంకిస అనే పల్లె. "మా అన్న దగ్గరికి పోండ్రి సారూ, మీకు గావల్సినన్ని చెట్లు" అన్నాడు. అంతే.

రేవు

కాళేశ్వరం దాకా బస్సు. అక్కడ దిగి ఇసుకలో నడక. ఏప్రిల్‌లో గోదావరి సగానికి సగం ఇసుకే. చెప్పులు చేతిలో పట్టుకుంటే కాళ్లు కాలుతున్నాయి, వేసుకుంటే ఇసుకలో దిగబడుతున్నాయి. నా చేతిలో బట్టల సంచి, ఆయన చేతిలో టేపురికార్డరు, మెడలో వేలాడుతూ డబ్బా.

డబ్బా గురించి చెప్పాలి. అది నా టిఫిన్ క్యారియరు మీది గిన్నె. అడక్కుండా తీసుకున్నారు. లోపల చిన్న బల్బు, వెలుగును కొలిచే కన్ను, దాని ముందు ఎరుపూ ఆకుపచ్చా జిలెటిన్ కాగితాలు. ఒక పక్కన స్ప్రింగు బిగించిన పుల్ల. ఆ పుల్లతో కాయను నొక్కితే ఎంత లోపలికి పోయిందో ముల్లు చూపిస్తుంది. ఆ కొలతలు ఈయన టేపులో చదువుతారు, వెంటనే కాయను పట్టుకున్న మనిషి పచ్చిదో, దోరదో, అయిందో చెప్పాలి. ఆ మాట కూడా టేపులోకి పోతుంది. తర్వాత కాలేజీ కంప్యూటరు వీటన్నిటినీ నములుతుంది.

పడవలో నా పక్కన కూచున్న ముసలాయన డబ్బాను చాలాసేపు చూసి అడిగాడు. "ఏంది సారూ ఇది, జొరం జూసేదా?"

"మామిడికాయలు చూసేది" అన్నారు ఈయన.

"మామిడికాయకు జొరమొస్తదా?" అని ముసలాయన నావైపు తిరిగాడు. నిజం చెప్పమన్నట్టు చూశాడు. నేను నది వైపు చూశాను. ఇలాంటి వేళల్లో ఈయన నాకేమీ కానట్టు కూచోవడం నాకు బాగా అలవాటు.

సిరొంచ

అవతలి ఒడ్డెక్కగానే బోర్డులన్నీ మరాఠీ. మాటలన్నీ తెలుగు. బస్టాండులో ఇద్దరు ఆడవాళ్లు కూరగాయల ధర మీద మన భాషలో పోట్లాడుకుంటూ, లెక్క దగ్గరికి వచ్చేసరికి మరాఠీలోకి దిగి, మళ్లీ తిట్టుకోవడానికి తెలుగులోకి వచ్చారు. తెలుగు టీచరుగా నాకు చాలా ఊరటగా అనిపించింది. హోటల్లో పోహా తిన్నాం. మనం ఇంట్లో చేసే అటుకుల ఉప్మాకు అన్నలాంటిది, మీద సన్న కారప్పూస, ఉల్లిపాయ, నిమ్మచెక్క. చాయ్ మా ఊరి కన్నా చవక, చక్కెర మా ఊరి కన్నా రెండింతలు. హోటలాయన మేమెవరని అడిగి, హనుమకొండ అనగానే వాళ్ల మేనత్తది పరకాల అని చెప్పి, ఇంకో చెంచా పోహా వడ్డించాడు.

అంకిస

రాజన్న బస్టాపుకు సైకిలు మీద వచ్చాడు. పొట్టి మనిషి, పెద్ద మాట. సామానంతా సైకిలుకు వేలాడదీసి మా పక్కన నడిచాడు. వాళ్ల ఇల్లు దగ్గరపడేసరికి వరి కోసిన మళ్ల మీదుగా నది గాలి వచ్చి ప్రాణం లేచొచ్చింది. రాజన్న భార్య సత్తెమ్మ కాళ్లకు నీళ్లిచ్చి, నన్ను వంటింట్లోకి లాక్కుపోయి, చేపల పులుసు ఉప్పు చూడమంది. మా ఇంట్లో వచ్చిన చుట్టానికి ఉప్పు చూసే పని చెప్పరు, తప్పు. అక్కడ చెబితేనే చుట్టమైనట్టు. నేను సరిపోయిందన్నాక గాని పొయ్యి మీది నుంచి దించలేదు.

అంకిసలో పని నున్నగా జరిగిపోయింది. సత్తెమ్మ, వాళ్ల అత్త, పక్కింటివాళ్లు, దారిన పోయేవాళ్లు అందరూ కాయలు పట్టుకుని చెప్పారు. పచ్చగా, రాయిలా ఉంటే పచ్చిదన్నారు. కాస్త మెత్తబడి, ముచ్చిక దగ్గర పసుపు తిరిగితే దోర. వేలు దిగితే "అయ్యింది, తినుండ్రి" అన్నారు. అన్నాక తినిపించారు కూడా. సత్తెమ్మ ప్రతి కొలత తర్వాతా ఆ కాయను కోసి ఉప్పూ కారమూ అద్ది నా చేతిలో పెట్టింది. మామిడికాయ దగ్గర నేను నిగ్రహం తెలియని మనిషిని. చిన్నప్పుడు మా అమ్మ ఉప్పు డబ్బా దాచేది.

"రాజన్నా, గీత దిగుతుంది, తప్పకుండా దిగుతుంది" అన్నారు ఈయన ఆ సాయంత్రం. అంత సంతోషంగా ఈయన్ను చూసి నాకు చాలా కాలమైంది.

"ఏ గీత సారూ?"

ఈయన చెప్పారు. రాజన్న ఓపికగా విన్నాడు. "అయితె గిప్పుడు మా ఇంటిది అన్న మాటలన్ని మిషను నేర్సుకుంటదా?"

"నేర్చుకుంటుంది."

"అన్ని నేర్సుకోనియ్యకుండ్రి" అన్నాడు రాజన్న. లోపలి నుంచి సత్తెమ్మ గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడు వినిపించింది.

ఒక్క ఊరి మాటలు చాలవు, అడవి వైపు కూడా కొన్ని కావాలన్నారు ఈయన. కమలాపూర్ దాటాక రాజన్నకు ఎరికైన గోండుల పల్లె ఉందట. ఏటా ఇప్పపువ్వు కొనడానికి పోతాడు, గోండి కూడా వచ్చు. తనే తీసుకుపోతానన్నాడు.

అడవి పల్లె

దారిలో కమలాపూర్ దగ్గర ఏనుగుల క్యాంపు చూశాం. ఏనుగులు స్నానం చేస్తున్నాయి. ఈయన డబ్బా పట్టుకుని అటు రెండడుగులు వేశారు గాని నేను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను.

పల్లె చిన్నది. ఇళ్లు దూరదూరంగా, ప్రతి వాకిలీ అలికి, ఎక్కడ చూసినా ఇప్పపువ్వు ఆరబోసి ఉంది. ఆ తియ్యటి వాసన మొదటి గంట బాగుంటుంది, తర్వాత తలకెక్కుతుంది. మేం దిగింది ముత్తుబాయి ఇంట్లో. అరవై దాటిన మనిషి, కొడుకులు పొలంలో ఉంటే ఇల్లంతా ఆమెదే. ఇప్పపువ్వు కొనేవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు బాగా వచ్చు. రాజన్నను సొంత కొడుకును తిట్టినట్టే తిట్టి, మాకు మంచం వేసింది. వాకిట్లోనే పెద్ద మామిడిచెట్టు, కొమ్మలు వంగిపోయి ఉన్నాయి. కొన్ని చెట్టు మీదే పండాయి. ఆ చెట్టును చూడగానే నా నోట్లో నీళ్లూరిన సంగతి దాచను.

ఈయన ఒక పండు చేతిలోకి తీసుకున్నారు. పసుపు రంగు, మెత్తన, వాసన వాకిలి దాటి పోతోంది. డబ్బా పెట్టి, కొలతలు చదివి, ముత్తుబాయి చేతికిచ్చారు.

ఆమె చూసింది. "ఇంక కాలే" అంది.

ఈయన ముల్లు వైపు చూసుకున్నారు. "మెత్తగా ఉంది కదా అవ్వా?"

"మెత్తగుంటె?"

"రంగు కూడా వచ్చింది."

"రంగొస్తె?"

"వాసన చూడవ్వా."

ఆమె వాసన చూసింది, ముఖంలో ఆ పండు మీది ప్రేమంతా కనిపించింది. "మంచిగొస్తున్నది బిడ్డా. ఇంక కాలే."

పక్కింట్లో అడిగాం, అదే మాట. ఆ పక్కింట్లోనూ అదే. ఈయన డబ్బా విప్పి బల్బు తుడిచారు, బ్యాటరీలు మార్చారు. తుడుస్తుంటే పక్కన పెట్టిన ఎర్ర కాగితం మేక తినేసింది. ఇంకోటి తెచ్చుకున్నారు కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఆ మేక కడుపులో మా పీహెచ్‌డీ ఉండేది. ఏం చేసినా కొలత మారలేదు, మాటా మారలేదు. అంకిసలో అయితే అయిందనే పండే ఇక్కడ కాలేదు.

చివరకు రాజన్నే నవ్వుకుంటూ చెప్పాడు. "పండుగ కాలేదు సారూ. వీళ్లు దాన్ని పండుం అంటరు. అది గాకముందు మామిడికాయ ముట్టరు."

"ముట్టకపోతే పోయె, అయిందని చెప్పొచ్చు కదా" అన్నారు ఈయన.

ముత్తుబాయి ఆ మాటకు నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఎట్లయితది? ఈ చెట్టు పెట్టింది మా మామ. పోయిండు. ఆయిన తినలే, నేనెట్ల తింట? ముందుగాల పోయినోళ్లకు పెట్టాలె, ఊరంత గూడాలె. అప్పుడైతది. చెట్టుకు వేలాడంగనే అయితదా?"

"ఇంకెన్నాళ్లు?"

"ఊరోళ్లు గూసొని చెప్తరు. పరేషాన్ గాకు. ఉండుండ్రి."

ఉండిపోయాం. రాలిన పండ్లన్నీ వాళ్లు ఒక గంపలో వేసి నీడన పెట్టేవాళ్లు. పిల్లలు కూడా రాలిన పండు తెచ్చి, గంపలో వేసి, చేతులు వాసన చూసుకుంటూ పోయేవాళ్లు. మాకు రెండు పూటలా అంబలి, ఆకుకూర, ఎండుచేపల పొడి. మా ఇంట్లో దేవుడికి నైవేద్యం పెట్టేదాకా ముట్టకూడదంటారు గాని అది ఒక పూట సంగతి, అదీ మా నాన్న వంటింట్లోకి తొంగి చూసి గారె ఒకటి నోట్లో వేసుకోవడం అందరికీ తెలిసిందే. ఇక్కడ తొంగి చూసేవాళ్లు ఎవరూ లేరు. నేను మాత్రం మొదటి రోజంతా ఆ గంప చుట్టూ తిరిగాను. ఎవరూ లేనప్పుడు ఒకటి తింటే ఏం పోతుందని రెండుసార్లు అనుకున్నాను. తినలేకపోయాను. ముత్తుబాయి నన్ను గమనించి, "కష్టంగున్నదా బిడ్డా? నాగ్గూడ కష్టమే" అంది. అప్పటి నుంచి ఇద్దరం కలిసి కష్టపడ్డాం.

ఈయన కొలతలు తీయడం మానలేదు. తప్పులని తెలిసీ తీశారు. రోజురోజుకూ ముఖం వాడిపోతోంది. ఇవి కలిపితే గీత దిగదు, రంగూ మెత్తదనమూ ఒకటే అయినప్పుడు ఒక ఊరు అవుననీ ఒక ఊరు కాదనీ అంటే ఆ ముడులు ఎటు బిగుసుకోవాలో తెలియక కొట్టుకుంటాయని చెప్పారు.

"పండుగ అయిందా లేదా అని చెప్పే మీట ఇంకోటి పెట్టండి" అన్నాను.

"దాన్ని ఎవరు నొక్కుతారు?"

"ఊళ్లో ఎవరైనా."

"అప్పుడు నేర్చుకున్నది యంత్రం కాదు కదా, వాళ్లే చెప్పినట్టు" అన్నారు. 

మూడో రోజు మధ్యాహ్నం నేను చెట్టు కింద బియ్యం ఏరుతుంటే నా పక్కనే ఒక పండు రాలింది. బంగారం లాంటి పండు, పడిన చోట కొంచెం చితికి రసం ఉబికింది. తీసుకున్నాను, లేచి గంప వైపు నడిచాను. ఈయన దారిలో ఆపి, అలవాటుగా డబ్బా పెట్టి, కొలతలు చదివి, "ఇది?" అన్నారు. ఎవరిని అడుగుతున్నారో ఆయన కూడా చూసుకోలేదు.

"ఇంకా కాలేదు" అన్నాను.

అని గంపలో వేశాను. వెనక్కి తిరిగేసరికి ఈయన నన్నే చూస్తున్నారు, టేపు తిరుగుతూనే ఉంది. నేను సరదాకు అనలేదు. వాళ్లను మెప్పించాలనీ అనలేదు. ఆ పండు నా కళ్లకు నిజంగానే కాలేదు.

పండుం

మర్నాడే పండుగన్నారు. పొద్దున్నే మగవాళ్లు ఊరి చివర చెట్ల గుంపు దగ్గరికి పోయారు. అక్కడ జరిగింది మేం చూడలేదు, చూడమని వాళ్లు పిలవలేదు, మేమూ అడగలేదు. డోలు వినిపించింది. తిరిగొచ్చాక ప్రతి ఇంట్లోనూ పోయినవాళ్ల పేరు చెప్పి ముక్కలు పెట్టారు. ముత్తుబాయి వాళ్ల మామ పేరు చెప్పి అన్నిటికన్నా పెద్ద ముక్క పెట్టింది. ఆమె పెళ్లయి వచ్చిన ఏడాది ఆయన ఆ మొక్కకు నీళ్లు పోయమని చెప్పాడట.

తర్వాత గంప వాకిట్లోకి వచ్చింది. ఈయన పరుగున పోయి నేను వేసిన ఆ చితికిన పండే వెతికి, డబ్బా పెట్టారు. ముందటి రోజు మీద పెద్దగా తేడా లేదు. ముత్తుబాయికిచ్చారు.

"అయ్యింది" అందామె, ఇదేం ప్రశ్న అన్నట్టు. చీరి సగం నా నోట్లో పెట్టింది. ఏం చెప్పను? అంకిసలో అన్ని తిన్నాను గదా, ఒక్కటీ ఇలా లేదు. నా కళ్లలో నీళ్లొచ్చాయి, పులుపుకని చెప్పాను.

అప్పుడామె ఇంకో చిన్న ముక్క తీసి డబ్బా మీద పెట్టింది. ఈయన కంగారుపడ్డారు.

"పెట్టనియ్యి. అన్నిటిని ముట్టుకున్నది, ఒక్కటి తినలే. ఇది గూడ మనతోటి ఉన్నది గద" అంది.

ఈయన ఆ ముక్క తీయలేదు. చీమలు పట్టేదాకా అలాగే ఉంచారు.

మళ్లీ సిరొంచ

తిరుగుదారిలో సిరొంచ పోస్టాఫీసు నుంచి గైడు గారికి ట్రంక్ కాల్ చేశారు. లైను దొరికేసరికి బెంచీ మీద పదిమంది పోగయ్యారు. ఈయన అరిచి మాట్లాడితేగాని అటు వినపడదు, కాబట్టి సిరొంచ మొత్తానికి మా పీహెచ్‌డీ సంగతి తెలిసిపోయింది. గైడు గారి గొంతు కూడా నాకు బయటికి వినిపిస్తోంది. పండుగకు ముందు కొలతలు తీసేయి, అంకిసవీ పండుగ తర్వాతవీ ఉంచు, గీత దిగుతుంది, వచ్చే వారం తెస్తే సంతకం పెడతాను అంటున్నారు.

"అవి తప్పులు కావు సార్" అన్నారు ఈయన.

"యంత్రానికి తప్పులే కదయ్యా. ఇంకెంత కాలం చేస్తావు?"

ఈయన రిసీవరు చెవి నుంచి దించి నావైపు చూశారు.  ఆ థీసిస్సు అయిపోవాలని ఈయనకన్నా నాకే ఎక్కువ ఉంది. ఎన్ని సాయంత్రాలు అది తినేసిందో నాకు తెలుసు. తీసేయండి అని ఒక్క మాట అంటే ఈయన తీసేసేవారు, ఎప్పుడూ నన్ను నిందించేవారు కాదు.

నేను రిసీవరు తీసుకున్నాను.

"నమస్కారం సార్, నేను. ఆ తీసేయమన్న వాటిలో ఆఖరి గొంతు నాది."

"ఏమ్మా?"

"పండిన పండు పట్టుకుని నేనే ఇంకా కాలేదన్నాను సార్. మీకు తెలుసు గదా, నేను తెలుగు టీచర్ని. ఆ మాట తప్పయితే, పిల్లలకు తెలుగు చెప్పే పని నేను మానేయాలి."

 పోస్టుమాస్టరు తలెత్తి నన్ను చూశాడు. గైడు గారు ఫోను ఈయనకు ఇమ్మన్నారు. ఈయన విని, సరే సార్, సరే సార్ అని పెట్టేశారు. గీత ఎందుకు దిగలేదో ఒక అధ్యాయం రాయమన్నారట, దిగకపోయినా సంతకం పెడతారట, పరీక్షకులు ఏమంటారో మాత్రం తన చేతిలో లేదన్నారట.

గైడు గారు మాట తప్పలేదు. జూన్‌లో సంతకం పడింది. ఈ ఏడాది పరీక్షకుల దగ్గర నుంచి థీసిస్సు తిరిగొచ్చింది. అడవి పల్లెలో పండుగకు ముందు తీసిన కొలతలు తొలగించి మళ్లీ పంపితే డిగ్రీ ఇవ్వడానికి అభ్యంతరం లేదన్నారు. ఈయన ఆ కాగితం చదివి బల్ల మీద పెట్టి, నాకు టీ కలిపి తెచ్చారు. కొలతలు తీసేయలేదు. నేనూ తీసేయమనలేదు.